అప్పగింతలు

మా నర్సుల భాషలో అప్పగింతలంటే పెళ్ళిలో కళ్ళనీళ్ళు పెట్టించేవి కావు. పొద్దున ఏడింటికీ రాత్రి ఏడింటికీ డ్యూటీ మారేటప్పుడు, వెళ్ళే నర్సు వచ్చిన నర్సుకి ఒక్కో మంచం దగ్గరా ఆగి చెప్పే మాటలు. పేరేంటి, వయసెంత, దేనికి చేరారు, ఏ మందు ఎప్పుడు పడింది, ఏది పడదు, రాత్రి నిద్రపోయారా లేదా. హైదరాబాదులో దాన్ని 'ఓవర్ ఇవ్వడం' అనేవాళ్ళం. ఇక్కడ కెనడాలో, ఎడ్మంటన్‌లో రిపోర్టు అంటారు. నాకు మాత్రం అమ్మ మాటే ఇష్టం. అమ్మ తెనాలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైంది. నేను గుంటూరులో బీఎస్సీ నర్సింగ్ చదివేటప్పుడు ఓసారి ఈ సంగతి చెప్తే, "అవి అప్పగింతలే కదే. ఒకరి బిడ్డని తీసి ఇంకొకరి చేతిలో పెట్టడమేగా" అంది.

నన్ను నర్సింగులో చేర్పించినందుకు చుట్టాలు అమ్మని నిలదీశారు. "ఆడపిల్లని ఊరోళ్ళ ఒళ్ళు కడగడానికి పంపిస్తావా అక్కా" అని మా మేనమామ గుమ్మంలోనే అడిగాడు. "రేపు నువ్వు మంచాన పడితే నీ ఒళ్ళు కడిగేది అదేరా. లోపలికొచ్చి కాఫీ తాగు" అంది అమ్మ. ఆ మాట పట్టుకునే నేను హైదరాబాదు, సౌదీ దాటి ఇంత దూరం వచ్చాను.

ట్రావెల్ నర్సు బతుకంతా ఈ అప్పగింతల మీదే నడుస్తుంది. పర్మినెంట్ నర్సుకి ఆ వార్డు సొంత వంటిల్లు లాంటిది. ఏ గూట్లో ఏముందో, ఏ డాక్టరు రాత్రి ఫోనెత్తుతాడో, ఏ ముసలాయన నొప్పిని దాచుకుంటాడో చీకట్లో కూడా చెప్పగలదు. మేము ఏజెన్సీ పంపిస్తే వెళ్ళేవాళ్ళం. ఆరు వారాలో, పదమూడు వారాలో కాంట్రాక్టు. ఒక పూట, మహా అయితే రెండు పూటలు పక్కన తిప్పి చూపిస్తారు. ఆ తర్వాత పేషెంట్లు మన చేతిలో ఉంటారు. పక్క నర్సు చెప్పే ఐదు నిమిషాల మాటల్లోంచి మనిషిని పట్టుకోవాలి. ఆ పని నాకు బాగా వచ్చు. ఆరేళ్ళుగా మా ఇంట్లో పొయ్యి వెలిగింది ఆ నేర్పుతోనే. ఒక్క కాగితం చేతిలో పెడితే చాలు, మొదటి రోజు నుంచే ఎవరినైనా చూసుకోగలననే నమ్మకం నాది.

ఆంధ్రా నుంచి, తెలంగాణ నుంచి చెల్లెళ్ళు ఫోన్ చేసి అడుగుతుంటారు, ఈ ఉద్యోగంలోకి ఎలా రావాలక్కా అని. వాళ్ళకి చెప్పేదే ఇక్కడా చెప్తాను. దగ్గరి దారి లేదమ్మా. మా ఆల్బర్టా రాష్ట్రంలో రిజిస్టర్డ్ నర్సు అనిపించుకోవాలంటే ఇక్కడి నర్సుల కాలేజీ మన చదువునీ అనుభవాన్నీ జల్లెడ పడుతుంది. కాలేజీ అంటే చదువుకునే చోటు కాదు, మన నర్సింగ్ కౌన్సిల్ లాంటిది. ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కాలి. ఆ తర్వాత ఎన్‌క్లెక్స్. అమెరికాలో రాసే పరీక్షే, 2015 జనవరి నుంచి కెనడాలోనూ అదే పెట్టారు. ఆ కాగితాలన్నీ కదిలేలోపు నేను రెండేళ్ళు ఒక వృద్ధుల హోమ్‌లో కేర్ ఎయిడ్‌గా పనిచేశాను. సౌదీలో ఐసీయూ చూసిన చేతులతో డైపర్లు మార్చాను. అందులో నామోషీ ఏమీ లేదు. ముసలి ఒంటిని నొప్పి తెలియకుండా ఎలా తిప్పాలో నేను నేర్చుకున్నది అక్కడే.

రిజిస్ట్రేషన్ రాగానే ట్రావెల్‌లోకి దూకొద్దని కూడా చెప్తాను. ముందు ఒకే వార్డులో రెండేళ్ళు పాతుకుపోయి పనిచెయ్యండి. ఏజెన్సీలు ఎలాగూ అనుభవం అడుగుతాయి. అంతకంటే ముఖ్యం, రాత్రి రెండింటికి చిన్న ఊరి ఆసుపత్రిలో పేషెంటు ఊపిరి ఆగబోతున్నప్పుడు అడగడానికి పక్కన పెద్ద నర్సు ఉండకపోవచ్చు. ఒక రాష్ట్రం లైసెన్సు ఇంకో రాష్ట్రంలో నేరుగా చెల్లదు, మామూలుగా ప్రతి చోటా విడిగా నమోదు చేయించుకోవాలి. నార్త్‌వెస్ట్ టెరిటరీస్‌కీ నూనవూట్‌కీ మాత్రం కలిపి ఒకటే మండలి. గంటకి వచ్చే డబ్బు పర్మినెంట్ వాళ్ళ కంటే ఎక్కువే, విమానం టికెట్టూ ఇల్లూ ఇస్తారు. కానీ వాళ్ళకున్న పెన్షనూ, యూనియన్ ఒప్పందంలో వాళ్ళకి పెరిగే సీనియారిటీ మనకి రావు. కాంట్రాక్టు అయిపోయిన రోజున మనం ఎవరికీ ఏమీ కాము. ప్రభుత్వాలకీ ఈ ఖర్చు బరువైపోయింది. ఏజెన్సీ నర్సుల వాడకాన్ని తగ్గించడానికి క్యుబెక్ 2023లో చట్టమే చేసింది. ఒకే పనికి పక్కనున్న మనిషి ఎక్కువ తీసుకుంటుంటే, ఇరవై ఏళ్ళుగా అదే వార్డులో ఉన్న నర్సు ముఖంలో ఏం కనిపిస్తుందో నేను దగ్గర నుంచి చూశాను. న్యాయం ఆవిడ వైపే ఉంది.

ఇన్ని చెప్పినా చివరికి ఆ పిల్లలు అడిగేది ఒకటే. "మీకు నచ్చిందా అక్కా?" నచ్చింది. చాలా నచ్చింది.

మా ఇల్లు ఎడ్మంటన్‌లో మిల్ వుడ్స్ వైపు. ఊరికి దక్షిణాన, మన దేశం వాళ్ళు ఎక్కువగా ఉండే చోటు. నార్త్ సస్కాచ్వాన్ నది ఒడ్డున ఉన్న ఈ నగరమే ఉత్తరాది ఊళ్ళన్నిటికీ పెద్దాసుపత్రి. అక్కడ కుదరని కేసు విమానంలో ఇక్కడికొస్తుంది. మేము ఎదురు దారిలో, ఇక్కడి నుంచి అక్కడికి పోతాం. ఫోర్ట్ మెక్‌ముర్రే 435 కిలోమీటర్లు, హై లెవెల్ అనే ఊరు దాటాలంటే 700 పైమాటే. చలికాలం రాత్రుళ్ళు కారు ఇంజనుకి కరెంటు తీగ తగిలించి పడుకోవాలి, లేకపోతే తెల్లారి కారు కదలదు.

ఈ దారి మాకంటే ముందు తొక్కినవాళ్ళున్నారు. మాంట్రియల్‌లోని గ్రే నన్స్ అనే క్రైస్తవ సన్యాసినుల సంఘం నుంచి ముగ్గురు బయల్దేరి, 1859లో ఎడ్మంటన్‌కి పడమరనున్న లాక్ సెయింట్ ఆన్‌కి చేరారు. రైలు లేని కాలం. 1863లో సెయింట్ ఆల్బర్ట్‌కి మారారు. 1895లో ఎడ్మంటన్ జనరల్ హాస్పిటల్ తెరిచింది ఆ సంఘమే. ఇప్పటికీ నగరంలో ఒక పెద్దాసుపత్రి వాళ్ళ పేరు మీదే ఉంది. ఆ సంగతి మొదటిసారి విన్నప్పుడు నాకు మా గుంటూరు కుగ్లర్ ఆసుపత్రి గుర్తొచ్చింది. అన్నా కుగ్లర్ అనే అమెరికన్ డాక్టరమ్మ 1883లో గుంటూరు వచ్చింది, 1930లో అక్కడే కన్నుమూసింది. వీళ్ళందరూ ప్రయాణం చేసి వచ్చినవాళ్ళే. వచ్చి ఉండిపోయారు.

మూడేళ్ళ కిందట డిసెంబరులో పీస్ నదికి ఉత్తరాన ఒక చిన్న ఆసుపత్రిలో ఆరు వారాల కాంట్రాక్టు దొరికింది. తొమ్మిది దాటితేగాని తెల్లవారదు, నాలుగింటికే చీకటి. నర్సుల బల్ల వెనక గోడకి తెల్లబోర్డు ఉండేది. అందులో ఆ వారం డ్యూటీ వాళ్ళ పేర్లు రాస్తారు. పర్మినెంట్ వాళ్ళవి నల్ల అక్షరాలు. మావి నీలం. మా పేర్ల పక్కన మాత్రం ఇంకొకటి ఉంటుంది, వెళ్ళే తేదీ. షిఫ్టులు వేసేవాళ్ళకి సులువుగా ఉంటుందని అలా పెట్టారు. మొదటి రోజే అక్కడ నా పేరూ, నేను వెళ్ళే తేదీ కనిపిస్తే ఇక్కడ పనులు పద్ధతిగా ఉన్నాయనుకున్నాను.

నాలుగో మంచంలో క్రీ అనే ఆదివాసీ తెగ ముసలమ్మ ఒకావిడ ఉండేది. అందరూ కోకుమ్ అనే పిలిచేవాళ్ళు, అంటే అమ్మమ్మ. షుగరు వల్ల పాదానికి పుండు. రోజూ పొద్దున కట్టు విప్పి, కడిగి, కొత్త కట్టు కట్టడానికి ఇరవై నిమిషాలు పట్టేది. మొదటి రోజు నేను పేరు చెప్పుకుని గ్లవ్స్ వేసుకుంటుంటే, ఆవిడ నా ముఖం వైపు చూడకుండానే అడిగింది.

"ఎన్నాళ్ళుంటావ్?"

"ఆరు వారాలమ్మా."

"అయితే నీకు చిన్న కథే చెప్తాను."

చెప్పింది. చిన్నప్పుడు ఆవిడకి క్షయ సోకింది. ఎడ్మంటన్‌లో 1946లో ఛార్లెస్ కామ్‌సెల్ ఇండియన్ హాస్పిటల్ అని తెరిచారు. క్షయ వచ్చిన ఆదివాసులనీ ఇన్యూట్ వాళ్ళనీ వందల మైళ్ళ దూరం నుంచి తెచ్చి అక్కడ నెలలూ ఏళ్ళూ ఉంచేవారు. కొందరు మళ్ళీ ఇల్లు చేరలేదు. 1996లో అది మూతపడింది. ఈవిడని తీసుకెళ్ళేటప్పటికి ఏడేళ్ళు. తిరిగి ఊళ్ళో దించేటప్పటికి పదేళ్ళు. తల్లి ఎదురొచ్చి క్రీలో ఏదో అడిగితే ఈ పిల్లకి అర్థం కాలేదు. తల్లి మాట మర్చిపోయింది.

"అదీ కథ" అంది. నా చేతిలో బాండేజి అలాగే ఉండిపోయింది.

"ఇది చిన్న కథ అయితే పెద్దదేంటి కోకుమ్?"

"అది ఉండేవాళ్ళకి" అంది.

ఆరు వారాలూ ఆవిడ పాదం నా చేతుల మీదుగానే మానుతూ వచ్చింది. చివరి రోజు బానక్ రొట్టె ముక్క ఒకటి కాగితంలో చుట్టి ఇచ్చి "హై హై" అంది. వాళ్ళ భాషలో థాంక్స్ చెప్పడం. పెద్ద కథ చెప్పలేదు. నా తర్వాత వచ్చే నర్సుకి ఆవిడ గురించి చక్కగా రాసి అప్పగించాను. ఏ మందు, ఏ సైజు కట్టు, కాలు ఎంత ఎత్తున పెట్టాలి, అన్నీ.

ఆ శనివారం రాత్రి అమ్మకి ఫోన్ చేసినప్పుడు ఈ సంగతంతా చెప్పాను. చలికాలంలో మాకు శనివారం రాత్రి ఎనిమిదైతే తెనాలిలో ఆదివారం పొద్దున ఎనిమిదిన్నర. అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఆవిడ చేసింది సబబే. వచ్చిన ప్రతివాళ్ళకీ మొదటి నుంచి చెప్పుకునే ఓపిక ఎవరికుంటుందే" అంది.

అప్పటికే అమ్మకి పక్షవాతం వచ్చి పది నెలలు. ఎడమ పక్క పడిపోయింది. మాటా, కుడి చెయ్యీ బాగానే ఉన్నాయి. వచ్చిన కొత్తలో నేను సెలవు పెట్టి వెళ్ళి నెల రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. ఇంటికి తెచ్చే నాటికి నా సెలవైపోయింది. నాన్న లేరు. తమ్ముడు హైదరాబాదు నుంచి నెలాఖరున వచ్చి పోతాడు. బెజవాడలో ఇళ్ళకి నర్సుల్ని పంపే ఒక సంస్థతో మాట్లాడి ఇరవై నాలుగు గంటలూ ఉండే అమ్మాయిని పెట్టాను. డబ్బు నేను పంపుతాను. చక్కటి పిల్ల. అమ్మని టీచరుగారూ అని పిలిచేది. మూడు నెలలకి వెళ్ళిపోయింది. తర్వాత ఇంకో అమ్మాయి, తర్వాత ఇంకో అమ్మాయి.

ఐదో అమ్మాయి వెళ్ళినప్పుడు ఆ సంస్థ ఆయనకి ఫోన్ చేసి గట్టిగా అరిచాను. "ముసలావిడ ఒంటికి అలవాటు పడేలోపు మనిషిని మార్చేస్తే ఎలాగండీ? మనిషంటే వస్తువా?" అన్నాను. ఆయన నెమ్మదిగానే చెప్పాడు. "నేనేం చెయ్యనమ్మా. ఒకమ్మాయికి కువైట్ వీసా వచ్చింది, ఒకమ్మాయి సౌదీ వెళ్ళింది. కాస్త పని రాగానే ఎగిరిపోతున్నారు. మీకు తెలియందేముంది?" నేను ఫోన్ పెట్టేశాను. మూడో అమ్మాయికి ఎన్‌క్లెక్స్ పుస్తకాలు పంపింది నేనే. ఆ పిల్ల అడిగింది, ఎలా కాదంటాను?

వారం వారం ఫోన్‌లో మాత్రం అమ్మ చూడముచ్చటగా ఉండేది. కుర్చీలో నిటారుగా కూర్చుని, నున్నగా దువ్విన జడ, ఉతికిన చీర. నేను కూతురిలా ఒకసారి, నర్సులా ఒకసారి చూసేదాన్ని. బరువు తగ్గిందా, పెదాలు ఎండాయా, ఎడమ చెయ్యి ఒళ్ళో సరిగ్గా పెట్టారా అని. వంక పెట్టడానికి ఏమీ ఉండేది కాదు. "అంతా బాగానే ఉందే. నీ డ్యూటీ సంగతి చెప్పు" అనేది. రోగి ముఖం చూసి నొప్పి పసిగట్టడం నా వృత్తి. ఆ తెర మీద నాకు ఏ నొప్పీ కనిపించలేదు.

పోయిన ఏడాది చివర్లో రెండు కాంట్రాక్టుల మధ్య ఖాళీ దొరికింది. టికెట్టు కొన్నాక పదహారు రోజులని అమ్మకి చెప్తే, "రానూపోనూ కలిపేనా పదహారు?" అని అడిగింది. కాదు, ఇంట్లో ఉండేదే పదహారు అన్నాను. రెండు విమానాలు మారి గన్నవరంలో దిగి, కారులో తెనాలి చేరేసరికి రాత్రి ఎనిమిదైంది. అంతకు వారం ముందే పదకొండో అమ్మాయి వెళ్ళిపోయింది. పక్కింటి పిన్ని సాయంగా ఉంటోంది. నేను కాళ్ళు కడుక్కుని వచ్చి, "ఇంక నువ్వెళ్ళి పడుకో పిన్నీ. ఈ పదహారు రోజులూ అమ్మ పని మొత్తం నాదే" అన్నాను. గర్వంగానే అన్నాను. ఎంతమంది తల్లులకి చేశాను, నా తల్లికి నా చేతులతో చేసుకునే రోజొచ్చిందని.

తొమ్మిదింటికి అమ్మని మంచం మీంచి లేపాలి. దగ్గరికెళ్ళి వంగాను. అమ్మ కుడి చెయ్యి ఎత్తి, "ఆగమ్మా" అంది. దిండు కింద నుంచి ఒక పుస్తకం తీసింది. పిల్లలు బడికి పట్టుకెళ్ళే రూళ్ళ నోటుబుక్కు, గోధుమరంగు అట్ట వేసి ఉంది.

"ముందు ఇది చదువు. కొత్తగా వచ్చినవాళ్ళందరికీ ఇదే ఇస్తాను."

"అమ్మా, నేనమ్మా."

"నువ్వేలే. నేనెట్లా లేస్తానో నీకు తెలుసా?"

తెలియదు. పక్షవాతం మనిషిని ఎలా లేపాలో తెలుసు. మా అమ్మ ఎలా లేస్తుందో తెలియదు. లైటు కిందకి వెళ్ళి నిలబడి చదివాను. అట్ట మీద అమ్మ గుండ్రటి అక్షరాలతో 'అప్పగింతల పుస్తకం' అని ఉంది. లోపల ఒక్కో పేజీకి ఒక్కో సంగతి.

'ఎడమ చెయ్యి పట్టి లాగొద్దు. భుజం జారుతుంది. కుర్చీ కుడి పక్కన పెట్టి, మూడు లెక్కపెట్టు. మూడుకి నేనే లేస్తాను.'

'మంచినీళ్ళు తొందరగా పొయ్యొద్దు, పొలమారుతుంది. గడ్డం దించుకుని తాగుతాను, నవ్వొద్దు.'

'రాత్రి రెండింటికి మెలకువ వస్తుంది. భయం వేస్తుంది. లైటు వెయ్యనక్కర్లేదు. లేచి పక్కన కూర్చుంటే చాలు, మళ్ళీ నిద్ర పడుతుంది.'

'ఆదివారం పొద్దున ఎనిమిదిన్నరకి కెనడా నుంచి అమ్మాయి ఫోన్ చేస్తుంది. ఏడింటికే తల దువ్వి జడ వెయ్యాలి. మంచి చీర కట్టాలి. కుర్చీలో కూర్చోబెట్టి వీపు వెనక దిండు పెట్టాలి, అది ఫోన్‌లో కనపడకూడదు. పిల్ల నర్సు, అన్నీ పట్టేస్తుంది. ఫోన్ పెట్టెయ్యగానే పడుకోబెట్టాలి. అంతసేపు కూర్చోలేను.'

ఆ పేజీ దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. మంచం మీంచి అమ్మ, "చదివావా?" అంది. వస్తున్నానమ్మా అన్నాను.

ఆఖరి పేజీలో బడి హాజరుపట్టీలా గీతలు గీసి ఉన్నాయి. వరస నంబరు, పేరు, వచ్చిన తేదీ, వెళ్ళిన తేదీ. పదకొండు పేర్లున్నాయి. ఒక్కో పేరుకీ వచ్చిన తేదీ ఒక సిరా, వెళ్ళిన తేదీ ఇంకో సిరా. కొన్ని నలుపు, కొన్ని నీలం, ఒకటి రెండు ఎరుపు. ఏ రోజు జరిగింది ఆ రోజు, చేతికందిన పెన్నుతో రాసినట్టు తెలుస్తోంది.

పన్నెండో వరసలో నా పేరు ఉంది. ఎదురుగా రెండు తేదీలూ ఒకే సిరాతో రాసి ఉన్నాయి.